సెలవులకు ఇంటికి పోయేటోళ్ళకు చెరువు నీళ్ళ ముచ్చట

సెమిస్టర్ పరీక్షలు అయిపోవస్తున్నయి. ఇంకో పది పదిహేను రోజులల్ల హాస్టళ్ళు ఖాళీ అయితయి. అందరం తాండాలకు, గూడేలకు, పెంటలకు పోతం. పోయిన మొదటి వారంలనే ఏదో ఒక మధ్యాహ్నం "నడువురా, చెరువుకు పోదాం" అని ఎవడో ఒకడు అంటడు. ఆ మాట రాకముందే ఇది రాయాలనుకున్నం. పోస్టు కొంచెం పొడుగే. బస్సుల కూచున్నప్పుడన్న చదువుండ్రి.

మేము నలుగురం ఒక్క రూంల ఉంటం. నల్లగొండల డిగ్రీ రెండో సంవత్సరం. ఒకరిది చందంపేట దిక్కు, సాగర్ వెనుక నీళ్ళ ఒడ్డున తాండా. ఒకరిది డిండి కింద. ఒకరిది పాత పాలమూరు జిల్లా, కొల్లాపూర్ పక్కన, శ్రీశైలం వెనుక నీళ్ళ దగ్గర. నాలుగో ఆయన చెంచు, అమ్రాబాద్ మీది పెంట. నలుగురి ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. నలుగురి ఇండ్లకూ నీళ్ళు దగ్గరనే. కానీ నలుగురిల ఈత సక్కగ వచ్చేది ఒక్కరికే.

మా తాతల కాలంల ఈత రాని మొగపిల్లగాడు తాండాల లేకుండె అంటరు. ఏడేండ్లు రాంగనే నడుముకు మోకు కట్టి, వీపుకు ఎండిన సొరకాయ బుర్రనో బెండ్ల కట్టనో కట్టి, బాయిల దింపేటోళ్ళు. గట్టు మీద ఒకరు మోకు పట్టుకొని నిలబడేటోళ్ళు. వారం దినాలు నీళ్ళు మింగుడు, ముక్కులకు పోవుడు, ఏడ్చుడు. ఎనిమిదో నాడు ఈ దరి నుంచి ఆ దరికి కాళ్ళు కొట్టుడు. అంతే, వచ్చేసినట్టే. ఈతతోటి ఇంకొకటి కూడ వచ్చేది. అది ఆ నీళ్ళ సంగతి. ఏ నెలల ఎంత లోతు, తూము ఎక్కడ గుంజుతది, ఏ మూల ఒండ్రు, ఏ మూల బండ, పొద్దున ఎట్ల ఉంటది, మధ్యాహ్నం ఎట్ల ఉంటది. ఏడాది పొడుగున రోజూ బర్లను కడిగినోళ్ళకు ఇవన్ని ఎవరూ చెప్పే పని లేదు.

మనం ఆరేండ్లకే ఆశ్రమ పాఠశాలల, గురుకులంల పడ్డం. చదువు వచ్చింది, దానికి మాకు బాధ లేదు. అయితే ఊరి చెరువును మనం చూసేది ఏడాదికి మూడు సార్లు: దసరాకు, సంక్రాంతికి, ఎండకాలం సెలవులకు. మూడు సార్లకు మూడు తీర్ల నీళ్ళు. పోయినసారి చూసిన చెరువే అనుకొని దిగుతం. పేరు అదే, కట్ట అదే, నీళ్ళు మాత్రం అవి కావు. మా తాతలకు లేని కష్టం ఇది, మనకే వచ్చింది.

దసరా నీళ్ళు అంటే వాన నీళ్ళు. చెరువు నిండి ఉంటది, మత్తడి దుంకుతుంటది, రంగు ఎర్రగ, చెయ్యి పెడితే మణికట్టు కనపడదు. వరద వచ్చి కలుస్తది, గాలి ఊపుతది కాబట్టి ఆ నీళ్ళు మీదా కిందా దాదాపు ఒక్క తీరుగనే ఉంటయి. చల్లదనంతోటి అప్పుడు పెద్ద భయం లేదు. భయమంతా లోతు తోటి, తూము దగ్గర, మత్తడి దగ్గర గుంజుడు తోటి.

సంక్రాంతికి ఇంకో తీరు. రాత్రి చలికి చెరువు మీది నీళ్ళు ముందు చల్లబడతయి. చల్లబడ్డ నీళ్ళు బరువు, కిందికి దిగుతయి. కింద కొంచెం వెచ్చగున్నవి మీదికి వస్తయి, అవీ చల్లబడతయి. తెల్లారేవరకు ఇట్ల తిరగబడి తిరగబడి చెరువు మొత్తం చల్లగయితది. నీళ్ళు అన్నిటికన్న బరువు ఉండేది 4 డిగ్రీల దగ్గర అని ఇంటర్ల చదివినం కద, మన దగ్గర అంత చలి ఎన్నడూ పడదు. అందుకే మన చెరువులల్ల లెక్క ఒక్కటే: చల్లటివి కిందికి, వెచ్చటివి మీదికి. ఈ తిరగబడుట్లనే అడుగున కుళ్ళిన నీళ్ళు ఒక్కసారి మీదికి వచ్చినప్పుడు, చేపలు పొద్దుగాల మీదికి వచ్చి నోళ్ళు తెరుస్తయి. ఊళ్ళె "చెరువుకు ఎవరో మందు కలిపిండ్రు" అని కొట్లాటలు అయితయి. కొన్నిసార్లు నిజంగనే కలుపుతరేమో గాని, ప్రతిసారి మందే కాదు.

అదే సంక్రాంతి పొద్దున బాయి మీద పొగలు లేస్తయి. నీళ్ళు వెచ్చగ అనిపిస్తయి. అవే బాయి నీళ్ళు మే నెలల ప్రాణం లేచి వచ్చినంత చల్లగ తగులుతయి. చిన్నప్పుడు మాకిది పెద్ద వింత. నిజానికి బాయి పెద్దగ మారదు. భూమి లోపటి నీళ్ళు ఏడాదంతా దాదాపు ఒక్క వేడి మీదనే ఉంటయి. మారేది బయటి గాలి, మన ఒళ్ళు. చెరువు అట్ల కాదు, అది గాలితోటి, ఎండతోటి మారుకుంటనే ఉంటది. పిల్లలకు ఈత నేర్పడానికి ముసలోళ్ళు చెరువును కాదని బాయిని ఎందుకు పట్టుకున్నరో ఇప్పుడు అర్థమయితున్నది. దాని కొలత తెలుసు, దరి తెలుసు, నీళ్ళ తీరు తెలుసు.

ఇగ ఎండకాలం. అసలు ముచ్చట ఇదే.

ఏప్రిల్, మే నెలలల్ల చెరువు సగం ఎండి, నడుమ మడుగు లెక్క మిగులుతది. చూస్తే "గీ కుంటల ఏముంది" అనిపిస్తది. ఎండ వేడి అంతా మీది పొరలనే ఆగిపోతది. నీళ్ళు ఎంత బురదగుంటే అంత పల్చటి పొరల ఆగుతది, కిందికి పోదు. మీది వేడి నీళ్ళు తేలిక కాబట్టి మీదనే ఉంటయి. కింద చల్లటివి కదలకుండ పండుకుంటయి. గాలి లేని మధ్యాహ్నం ఈ రెండు పొరలు విడివిడిగ ఉంటయి. ఛాతి దాకా గోరువెచ్చగ, మడిమల దగ్గర జిల్లుమన్నట్టు ఉంటది చూడుండ్రి, అదే.

దీన్ని కొలిచి చూడాలనిపించింది మాకు. జ్వరం చూసే థర్మామీటర్ పనికి రాదు, దాని గీతలు 94 ఫారన్‌హీట్ దగ్గర మొదలయితయి, మన చెరువుకు అంత జ్వరం ఉండదు. మాలో బీజెడ్‌సీ చదివే ఆయన సార్‌ను అడిగి ల్యాబ్ థర్మామీటర్ తెచ్చిండు. సీసకు రాయి కట్టి, బిరడాకు వేరే దారం కట్టి, కిందికి దించి, అక్కడ బిరడా గుంజి, నీళ్ళు నిండినంక పైకి లాగి చూసినం. పోయిన ఏప్రిల్ చివరల, మధ్యాహ్నం మూడింటికి, డిండి దిక్కు ఒక కుంటల. మీద 33 డిగ్రీలు. రెండు నిలువుల లోతుల 28. తెల్లారి ఆరింటికి మళ్ళ అదే జాగల చూస్తే మీదికీ కిందికీ ఒక్క డిగ్రీ తేడా కూడ లేదు. రాత్రి చల్లబడి, గాలికి కలిసిపోయినయి. ఒక్క కుంట, ఒక్క రోజు కొలత ఇది. దీన్ని పట్టుకొని అన్ని చెరువులు ఇంతే అని చెప్పం. అయితే "నడి మధ్యాహ్నం నీళ్ళ కాడికి పోవద్దు, గంగమ్మ గుంజుతది" అని మా అవ్వ ఎందుకంటదో ఆ రోజు కొంత తెలిసింది. గంగమ్మ సంగతి ఆమెకు ఎరుక. పొరల సంగతి మాకు తెలిసింది. ఇద్దరం చెప్పేది ఒక్క టైమే.

28 డిగ్రీల నీళ్ళు మనిషిని చంపయి. అది నిజం. చలి దేశాలల్ల 10, 15 డిగ్రీల నీళ్ళల్ల పడితే గుండెలు అదిరి, మనం వద్దన్నా నోరు తెరుచుకొని గాలి గుంజుకుంటది ఒళ్ళు. ఆ గుక్కల నీళ్ళు పోతే అంతే. మన దగ్గర అంత ఉండదు. అయితే 42, 43 డిగ్రీల ఎండల క్రికెట్ ఆడి, చెమటతోటి, కట్ట మీది నుంచి తలకిందులుగ దుంకినోని ఛాతి ఒక్కసారి కింది పొరను తాకితే చిన్న గుక్క పడుతది. ఈత వచ్చినోనికి అది ఏం కాదు, నవ్వుకుంట మీదికి వస్తడు. రానోనికి, సగం వచ్చినోనికి ఆ ఒక్క గుక్క చాలు. బెదురుతడు. కాళ్ళు కిందికి పోతయి. కింద నేల ఉంటదనుకుంటడు, ఒండ్రు ఉంటది. ఇంకొకటి, నీళ్ళు మన ఒంటి వేడిని గాలి కంటే సుమారు 25 రెట్లు తొందరగ గుంజుకుంటయి. గంట సేపు నీళ్ళల్ల ఆడినంక పెదవులు నల్లబడి, చేతులు బరువయితయి. "ఇంకొక్క రౌండ్" అనేది సరిగ్గ అప్పుడే.

పోయిన ఎండకాలం మా కింది రూం తమ్ముడు ఇట్లనే పోయిండు. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికి పోయిండు. ముందటి దసరాకు అదే చెరువుల ఒడ్డు పొంటి కాళ్ళు కొట్టుడు నేర్చుకున్నడట, "నాకు వచ్చిందన్నా" అని మాకు చెప్పిండు. మే నెలల మధ్యాహ్నం ముగ్గురు దిగిండ్రు. దసరాకు నీళ్ళు ఉన్న జాగ ఎండిపోయి, నడుమ మడుగులకు పోవాల్సి వచ్చింది. అక్కడ ఎవరో మట్టి కోసం జేసీబీతోటి తోడిన గుంత ఉన్నది. నడుము లోతుల నడుచుకుంట పోతున్నోడు ఒక్క అడుగుకే కనపడలేదని మిగిలిన ఇద్దరు చెప్పిండ్రు. వాళ్ళకు ఈత రాదు. ఒకడు ఉరికి పోయి మనుషులను పిలుచుకొచ్చేసరికి చాలా సేపయింది. జూన్ల మేము తిరిగొచ్చినప్పుడు వాని బకెట్టు, తాళం వేసిన పెట్టె అట్లనే ఉన్నయి. వాళ్ళ నాయిన వచ్చి పెట్టె తీస్కపోయిండు. బకెట్టు ఎవరికన్న ఇయ్యమన్నడు. ఎవరికీ ఇయ్యలే, మా రూంలనే ఉన్నది.

వాడు ఒక్కడే అయితే ఇంత పొడుగు రాయకపోదుము. 2022లో మన దేశంల నీళ్ళల్ల మునిగి చనిపోయినోళ్ళు 38 వేలకు పైననే అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క చెప్తున్నది. 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, దాంట్ల దాదాపు సగం మంది 29 ఏండ్ల లోపోళ్ళే. అంటే మన వయసు, మనకంటే చిన్న.

సాగర్ ఒడ్డు తాండాలోళ్ళకు, సోమశిల దిక్కోళ్ళకు ఒక మాట. చెరువు లెక్క అక్కడ నడువది. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. ఆయకట్టు కాలువలకు నీళ్ళందే కనీస మట్టం 510 అడుగులు. నిండిన ఏడు దసరాకు ఉన్న ఒడ్డుకూ, కరువు ఏడు మే నెల ఒడ్డుకూ నడుమ ఎనభై అడుగుల ఎత్తు తేడా రావచ్చు. దసరాకు మోకాలు లోతు నీళ్ళల్ల నిలబడిన చెలక మేల బీటలు పారి ఉంటది. మేల నీళ్ళు ఉండేది పాత గుట్టల వాలు మీద. రెండడుగులు బండ, మూడో అడుగు ఏమీ ఉండదు. వైజాగ్ కాలనీకి పట్నం నుంచి చేపలు తిననీకి వచ్చేటోళ్ళు కూడ ఒడ్డు చూసి మంచిగుందని దిగుతరు. మన పిల్లలు వాళ్ళను చూసి దిగుతరు.

1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్‌కు పునాది రాయి వేసిండు, 1967లో కాలువలకు నీళ్ళు వదిలిండ్రు. ఆ నడుమనే మా తాతల తాండా లేచి గుట్ట మీదికి వచ్చింది. మాలో చందంపేట ఆయన తాత ఇప్పటికీ ఒడ్డున నిలబడి చెయ్యి చాపి చూపిస్తడు: అక్కడ వాగు, అక్కడ చింతచెట్టు, అక్కడ మా బాయి, ఆ బాయి మీదికి పోవద్దు. నీళ్ళ కింద ఏముందో ఆయనకు గుండ్రాయి గుండ్రాయి ఎరుక. ఇంజనీర్ల మ్యాపులు మాకు దొరకయి, అందుకే ఆయన ఉండంగనే కూచోబెట్టి ఒక తెల్ల కాగితం మీద గీయించినం. మీ దగ్గర అట్లాంటి ముసలోళ్ళు ఉంటే ఈ సెలవులల్ల చెయ్యాల్సిన పని ఇది.

కాలువ సంగతి రెండు ముక్కలే. హాలియా, మిర్యాలగూడ దిక్కు ఎడమ కాలువల ఎండకు దుంకుతరు. రిజర్వాయర్ల లోతు నుంచి వచ్చే నీళ్ళు కాబట్టి చెరువు కన్న చల్లగ తగులుతయి, హాయిగనే ఉంటది. అయితే రెండు దిక్కుల సిమెంటు వాలు, నాచు, చెయ్యి పట్టనీకి గడ్డి పోచ ఉండదు. ఈత వచ్చినోళ్ళే ఎక్కలేక కొట్టుకపోయిండ్రు. దిగవద్దు. జూరాల, సాగర్ డ్యాముల కింది మడుగులల్ల కూడ అంతే, పవర్‌హౌస్ నడిస్తే నీళ్ళు చెప్పకుండ లేస్తయి.

ఇప్పుడు చెల్లెండ్ల ముచ్చట. మా తాతల కాలం గొప్ప అని పైన రాసినం గాని, ఆ గొప్ప మొగపిల్లల వరకే. ఆడపిల్లకు మోకు కట్టి బాయిల దింపినోళ్ళు మాకు ఎవరూ ఎరుక లేదు. కానీ నీళ్ళ కాడికి ఎక్కువ పోయేది వాళ్ళే. బట్టలు, బిందెలు, బర్లు. శ్రావణంల తీజ్ పండుగ. తొమ్మిది రోజులు పెంచిన గోధుమ మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకొని పెండ్లి కాని ఆడపిల్లలంతా చెరువుకు పోతరు, నీళ్ళల్ల కలుపుతరు. అప్పటికి కొత్త నీళ్ళు వచ్చి, ఎండకాలం తోడిన గుంతలన్ని మునిగి, మీద సాపుగ కనపడుతుంటది. అద్దాలు, గవ్వలు కుట్టిన పేటియా తడిస్తే ఎంత బరువో మన యాడీలను అడగండ్రి, నిలబడి నడుసుడే కష్టం. ఒక పిల్ల జారితే పక్క పిల్ల చెయ్యి అందిస్తది, ఆమెను ఇంకో పిల్ల పట్టుకుంటది. ఒకరిని పట్టుకొని ఒకరు పోతరు. పండుగ ముందటి రోజే నలుగురు మొగపిల్లలు పొడుగు కట్టె పట్టుకొని ఆ రేవుల అడుగు అడుగు పొడిచి చూసి, మంచి జాగ ఇంతవరకే అని తాడు కట్టాలె. మా తాండాల పోయిన శ్రావణంల కట్టినం. ముసలోళ్ళు ముందు నవ్విండ్రు, తర్వాత వాళ్ళే తాడు సరిగ్గ బిగించిండ్రు.

ఎవరన్న మునుగుతుంటే దుంకవద్దు. ఇది రాయడం సులువు, అక్కడ ఆగుడు కష్టం, మాకు తెలుసు. కానీ మునిగేటోడు దొరికినోని మెడ పట్టుకుంటడు, వానికి వేరే సోయి ఉండదు. చీర, టవల్, మోకు, కట్టె, మూత పెట్టిన ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది విసరాలె, ఒడ్డు మీద పండుకొని గుంజాలె. బయటికి తీసినంక తలకిందులు చేసి తిప్పుడు, కడుపు నొక్కుడు మన దిక్కు అలవాటు. దాంతోటి టైం పోతది తప్ప ప్రాణం రాదు. ఊపిరి లేకపోతే వెల్లకిల పండబెట్టి, ముక్కు మూసి, నోట్లె నోరు పెట్టి ఊపిరి ఊదాలె. తర్వాత ఛాతి నడుమ గట్టిగ 30 సార్లు నొక్కాలె, మళ్ళ రెండు సార్లు ఊదాలె. 108 వచ్చేదాక ఆపొద్దు. మునిగినోనికి కావాల్సింది ముందు గాలి.

ఇంకో చిన్న మాట. కేరళల 2024, 2025లో మెదడుకు పాకే అమీబా జబ్బు వార్తలు చదివే ఉంటరు. అది కదలని వెచ్చటి నీళ్ళల్ల పెరుగుతది, ముక్కుల నుంచి ఎక్కుతది, తాగితే రాదు. చాలా అరుదు. భయపడి స్నానం మానే పని లేదు. ఎండకాలం చివరి పచ్చగయిన మడుగుల ముక్కు మూయకుండ మునుగుడు, దుంకుడు మానితే చాలు.

ఇదంతా చదివి "అయితే నీళ్ళ కాడికే పోవద్దా" అంటరు. మేము చెప్పేది ఉల్టా. బంగ్లాదేశ్ ఊర్లల్ల స్విమ్‌సేఫ్ అని ఒకటి నడుస్తది. స్విమ్మింగ్ పూల్ లేదు, ఏం లేదు. ఊరి చెరువులనే వెదురు బొంగులు పాతి, వెదురు మంచె లెక్క నీళ్ళల్ల వేసి, దాని లోపట పిల్లలకు నేర్పుతరు. 25 మీటర్లు ఈదాలె, 30 సెకన్లు తేలి ఉండాలె, ఒడ్డున ఉండి వేరేటోళ్ళను కాపాడుడు రావాలె. అంతే పరీక్ష. దీనికి కావాల్సింది వెదురు, ఒక చెరువు, ఓపిక ఉన్న నేర్పేటోళ్ళు. మన దగ్గర మూడూ ఉన్నయి.

అందుకే మేము మే మొదటి ఆదివారం పెట్టుకున్నం. చందంపేట దిక్కు మా తాత బాయి, మెట్లు మంచిగున్నయి, ఇప్పుడు నీళ్ళు ఒక నిలువుకు కొంచెం మీద ఉన్నయి, కింద బండ, ఒండ్రు లేదు. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది వరకు తమ్ముళ్ళకు. చెల్లెండ్లకు సాయంత్రం నాలుగున్నరకు, అప్పుడు మా అక్క ఉంటది, ఆమె పెండ్లయినంక సాగర్ ఒడ్డునే నేర్చుకున్నది. మొగోళ్ళం ఆ టైంల గట్టు దిక్కు రాము, చింతచెట్టు కింద కూచుంటం, పిలిస్తే వినపడేంత దూరం. దగ్గర మండలాలోళ్ళు ఎవరన్న రావచ్చు. ఐదు లీటర్ల నూనె డబ్బాలు రెండు తెచ్చుకోండ్రి, మూతలు గట్టిగుండాలె. చెల్లెండ్లు పేటియా మీద రావద్దు, పాత పంజాబీ డ్రెస్ మంచిది. మోకు మా దగ్గర ఉన్నది. మోకు తానే పట్టుకుంట అన్నడు తాత. ఆయనకు ఎనభై దాటినయి కాబట్టి ఆయన వెనుక మేము ఇద్దరం పట్టుకుంటం, ఆయనకు చెప్పకుండి.